'పర్లేదు, కూర్చో' అన్న మాట గురించి

ప్రశ్న: నేను నాలుగో తరగతికి పాఠాలు చెబుతాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. చిన్నప్పుడు మా టీచర్లంటే నాకు వణుకు. నా దగ్గర చదివే పిల్లలకు ఆ భయం ఉండకూడదని, మెచ్చుకుంటూనే చదివించాలని గట్టిగా నమ్మి ఈ పనిలోకి వచ్చాను. ఎవరినీ కొట్టను, తిట్టను. ప్రతి నోట్సులో 'వెరీ గుడ్' రాస్తాను, స్టార్ వేస్తాను. ఇప్పుడు పిల్లలు "స్టార్ ఇస్తారా టీచర్?" అని అడిగాకే పని మొదలుపెడుతున్నారు. క్లాసులో అందరికంటే చురుకైన అబ్బాయికి మొన్న టెస్టులో తక్కువ మార్కులొస్తే పేపర్ బ్యాగు అడుగున దాచేసి, ఇంట్లో ఎక్కువ వచ్చాయని చెప్పాడు. వెనక బెంచీలో ఒకమ్మాయి ఉంది. ఎంత ప్రేమగా అడిగినా నోరు విప్పదు. స్టాఫ్ రూంలో సీనియర్లు "భయం లేకపోతే చదువు రాదు, పిల్లల్ని పాడు చేస్తున్నావు" అంటున్నారు. రాత్రిళ్లు ఇదే టెన్షన్. నా నమ్మకమే తప్పంటారా?

సమాధానం:

మీ నమ్మకం తప్పు కాదమ్మా. ముప్పై రెండేళ్లు చిన్న తరగతులకు చెప్పి రిటైరైన దాన్ని, ఈ ఒక్క విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. మీరు నమ్మినదాన్ని పనిలో పెట్టే తీరులో మాత్రం ఒక లోపం ఉంది. అదే లోపం నాలోనూ చాలా ఏళ్లు ఉండేది, అందుకే మీ ఉత్తరంలో వెంటనే గుర్తుపట్టాను.

ముందు మీ సీనియర్ల మాట చూద్దాం. భయం పిల్లల్ని కదలకుండా కూర్చోబెడుతుంది, ఎక్కాలు కూడా ఒప్పజెప్పిస్తుంది. కానీ అదే పిల్లవాడికి ఎప్పుడూ చూడని లెక్క ఒకటి ఇవ్వండి. లెక్క చేస్తున్నప్పుడు అంకెల్నీ, మధ్యలో వచ్చే జవాబుల్నీ కాసేపు మనసులో పట్టుకుని ఉండాలి. అలా పట్టుకునే చోటు ఎవరికైనా చాలా కొంచెమే. 'తప్పొస్తే ఏమంటారో' అన్న దిగులు సరిగ్గా ఆ చోటులోకే వచ్చి కూర్చుంటుంది. లెక్కలంటే హడలిపోయేవాళ్ల మీద మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కిర్క్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన పనిలో తేలింది ఇదే. వాళ్లు పరీక్షించింది కాలేజీ విద్యార్థుల్ని. అంత పెద్దవాళ్ల బుర్రనే భయం అలా నింపేస్తే, తొమ్మిదేళ్ల పిల్లల సంగతి ఏం చెప్పాలి?

అయితే సీనియర్ల మాటల్ని పూర్తిగా తోసెయ్యకండి. గట్టిగా అరిచే టీచర్లలో కొందరు నోట్సు మాత్రం ప్రతి లైనూ దిద్దుతారు. తప్పు కనబడితే వదలరు, మళ్లీ చేయించేదాకా ఊరుకోరు. అరుపు మనకొద్దు. ఆ వదలకపోవడం మాత్రం మనకు కావాలి. 'మెత్తగా ఉన్నావు' అని మీతో అంటున్నప్పుడు, వాళ్ల మనసులో ఉన్నది బహుశా ఇదే అయివుంటుంది, సరైన మాట దొరక్క భయం అంటున్నారేమో.

ఇప్పుడు అసలు విషయం. మీరు రాసిన మూడు బాధలూ ఒకచోటి నుంచే వస్తున్నాయని నాకు అనిపిస్తోంది. 'వెరీ గుడ్' అన్నాక ఆ పిల్లవాడికీ మీకూ మధ్య ఇంకేం మాట మిగిలింది? స్టార్ వేశాక? నోట్సు మూస్తాడు, వెళ్లిపోతాడు. మనం ప్రేమగా అన్న మాటే అక్కడ సంభాషణను ఆపేస్తోంది. పిల్లల్ని ప్రోత్సహించడం అంటే వాళ్లు ఇంకో అడుగు వేస్తారని నమ్మి, ఆ అడుగు అడగడం, అది పడేదాకా పక్కన నిలబడడం అని నేను నమ్ముతాను. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

స్టార్ల గురించి ఎక్కువ చెప్పను. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకుని, కొందరికి 'బొమ్మ వేస్తే బహుమతి సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా బొమ్మ అయ్యాక ఇచ్చారు. ఇంకొందరికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఆడుకునే వేళలో అవే స్కెచ్ పెన్నులు బల్ల మీద పెట్టి గమనిస్తే, ముందే మాటిచ్చి బహుమతి ఇచ్చిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ ఇష్టం తగ్గలేదు. అంటే చెడగొట్టింది బహుమతి కాదు, ముందే కుదుర్చుకున్న బేరం.

మీ క్లాసులోనూ ఆ బేరం కుదిరిపోయింది. రేపటి నుంచి స్టార్లు బంద్ అనకండి, పిల్లలకది శిక్షలా తోస్తుంది. ముందుగా ప్రకటించడం మానేయండి చాలు. "ఇస్తారా టీచర్?" అని అడిగితే, "ముందు నువ్వేం చేశావో చూడాలని ఉంది" అనండి. బుక్ షెల్ఫ్ సర్దడం, బోర్డు తుడవడం లాంటి పనులకు స్టార్లు ఇచ్చుకోండి, నష్టం లేదు. వాటి మీద పిల్లలకు చెడిపోయేంత ఇష్టం ముందే ఏం ఉండదు కదా. కథ చదవడం, బొమ్మ వేయడం, పజిల్ విప్పడం లాంటివాటి జోలికి మాత్రం స్టార్‌ని రానివ్వకండి.

ఆ అబ్బాయి పేపర్ దాచిన సంగతి చదివి నాకు బాధేసింది. వాడు అబద్ధాలకోరు కాదు. ఇన్నాళ్లుగా 'నువ్వు తెలివైనవాడివి' అని ఇంట్లోనూ బడిలోనూ విని ఉంటాడు. తక్కువ మార్కులొచ్చిన ఆ కాగితం బయటపడితే ఆ బిరుదు పోతుందని భయపడ్డాడు. 1998లో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాలు ఈ సంగతి మీదే. అయిదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చి, అవి అయ్యాక కొందరితో 'నువ్వు చాలా తెలివైనవాడివి' అనీ, కొందరితో 'బాగా కష్టపడి ఉంటావు' అనీ అన్నారు. తేడా ఆ ఒక్క మాటే. తర్వాత చాలా కష్టమైనవి ఇచ్చి, చివర్లో మళ్లీ మొదటివాటి లాంటివే ఇచ్చారు. తెలివి గురించి పొగడ్త విన్నవాళ్లు మొదటికంటే తక్కువ చేశారు, కష్టం గురించి విన్నవాళ్లు ఎక్కువ చేశారు. తమకెన్ని వచ్చాయో వేరే బడి పిల్లలకు రాయమంటే, తెలివి పొగడ్త విన్నవాళ్లలో నూటికి దాదాపు నలభై మంది ఎక్కువ వేసి రాశారు. పేర్లు రాయనక్కర్లేని కాగితం మీద, ఎప్పుడూ కలవబోని పిల్లలకు కూడా!

ఈ పరిశోధన పేరు చెప్పి ఆ తర్వాత చాలా హడావిడి జరిగింది. గోడల మీద పోస్టర్లు, 'కష్టపడితే తెలివి పెరుగుతుంది' అని ప్రత్యేకంగా పాఠాలు. అలాంటి పాఠాల వల్ల చదువులో వచ్చే లాభం సగటున కొంచెమేనని తర్వాతి పెద్ద సమీక్షల్లో తేలింది. నాకది ఆశ్చర్యం కాదు. 'కష్టపడ్డావు, శభాష్' అని కూడా చిలకలా అనొచ్చు. చేసిన పద్ధతే తప్పయినప్పుడు కష్టపడ్డావని మెచ్చుకుంటే, పిల్లవాడు అదే తప్పు దారిలో ఇంకా కష్టపడతాడు. పొగడ్త మాట మార్చినంత మాత్రాన చాలదు, వాడు చేసిన పనిలోకి మనం తలదూర్చి చూడాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. 52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాసిన పిల్లలు మీ క్లాసులో కనీసం ఇద్దరు ముగ్గురు ఉంటారు. అడ్డంగా ఇంటూ కొట్టేస్తే వాళ్లకు తెలిసేది 'నాకు రాలేదు' అని ఒక్కటే. "ఎలా చేశావో చెప్పు" అని అడిగి చూడండి. "7 లోంచి 2 పోతే 5, 5 లోంచి 2 పోతే 3" అంటారు. ఎప్పుడైనా పెద్ద అంకెలోంచే చిన్నది తీయాలని చిన్న క్లాసులో మనమే చెప్పాం! ఆ పిల్లవాడు దాన్ని బుద్ధిగా పాటించాడు, అంతే. ఎనిమిదో వంతు నాలుగో వంతుకంటే పెద్దదని రాసే అమ్మాయీ అంతే, ఎనిమిది పెద్దది కాబట్టి అలా అనుకుంటుంది. పిల్లల తప్పుల్లో చాలావాటి వెనక ఒక ఆలోచన ఉంటుంది. దాన్ని బయటికి తీసి, "సరే, ఇప్పుడు నీ 35కి 27 కలిపి చూడు, 52 వస్తుందా?" అంటే, 62 చూసి వాడే తల గోక్కుంటాడు. ఆ క్షణంలో నేర్చుకున్నది ఏ స్టారూ నేర్పలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణాలవే.

కాబట్టి ఆ అబ్బాయిని పిలిచి నేరం ఒప్పించకండి. ఒంటరిగా కూర్చోబెట్టుకుని, "ఆ పేపర్లో ఒక లెక్క నాకు ఆసక్తిగా ఉంది, దాన్ని ఎలా చేశావో చూడాలి, రేపు తీసుకురా" అనండి. మార్కుల ఊసెత్తకండి. ఇంట్లో చెప్పిన అబద్ధాన్ని మాత్రం అలా వదిలెయ్యకూడదు, వదిలితే వాడి మీదే బరువుగా ఉండిపోతుంది. "ఇంట్లో నిజం నువ్వే చెబుతావా, కావాలంటే నేను పక్కన ఉండనా?" అని అడగండి. ఆ తల్లిదండ్రులతో మీరు మాట్లాడే రోజున వాడి ముందే మాట్లాడండి. ఇంకో పని కూడా చేయండి. మీకు ముందే జవాబు తెలియని పజిల్ ఒకటి బోర్డు మీద రాసి, అందరి ముందూ పైకి ఆలోచిస్తూ చేయండి. ఎక్కడ ఆగిపోయారో చెప్పండి, రాసింది చెరిపి మళ్లీ మొదలుపెట్టండి. టీచరు కూడా తడబడుతుందని, తడబడ్డాక ఏం చేస్తుందని పిల్లలు ఎక్కడ చూస్తారు చెప్పండి? మనం వాళ్లకు చూపించేది ఎప్పుడూ చేసి పెట్టుకున్న జవాబులే.

నోట్సుల విషయం. అందరి నోట్సులూ రోజూ లైను లైనూ దిద్దడం ఎవరివల్లా కాదు. అందుకే 'వెరీ గుడ్' రాసేసి పక్కన పెట్టాల్సి వస్తుంది, నాకు తెలుసు. రోజుకు అయిదే తీసుకోండి. వాటిలో మాత్రం ఒక నిజమైన వాక్యం రాయండి. 'కథలో ముసలివాడు ఎందుకు తిరిగొచ్చాడో నువ్వు రాయలేదు, నాకు తెలుసుకోవాలనుంది' అని. ఆ పక్కన మార్కు వేయకండి. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగంలో అయిదు, ఆరు తరగతుల పిల్లల్లో కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో ఆసక్తీ, పని తీరూ మెరుగుపడింది వ్యాఖ్య ఒక్కటే అందుకున్నవాళ్లలో. రెండూ ఇచ్చినచోట మార్కు వ్యాఖ్యను మింగేసింది. మీరూ గమనించే ఉంటారు, పేపర్ చేతికివ్వగానే పిల్లలు అంకె చూసి, పక్కవాడి అంకె చూసి, మడిచేస్తారు.

ఇక వెనక బెంచీ అమ్మాయి. ఉత్తరంలో ఆమె గురించి మీరు రెండే వాక్యాలు రాశారు. నేను మాత్రం అక్కడే చాలాసేపు ఆగిపోయాను.

ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో నాకు అలాంటి ఒక పాప ఉండేది, మూడో తరగతి. ప్రశ్న అడిగితే లేచి నిలబడేది, కళ్లు బల్ల మీదే, పెదవులు కదిలేవి కావు. ఆమెను ఇబ్బంది పెట్టకూడదని నేను వెంటనే "పర్లేదమ్మా, కూర్చో" అని పక్కవాళ్లను అడిగేదాన్ని. ఎంత మెత్తగా అనేదాన్నో నాకింకా గుర్తు. దయ చూపిస్తున్నాననే అనుకున్నాను. ఏడాది చివర్లో వాళ్లమ్మ వచ్చి మాటల మధ్య చెప్పింది, పాప ఇంట్లో బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి టీచర్ ఆట ఆడుతుందట. అన్ని బొమ్మల్నీ ప్రశ్నలు అడుగుతుందట. చివర ఉన్న ఒక బొమ్మ దగ్గరకు రాగానే మాత్రం ప్రశ్న అడక్కుండా "పర్లేదమ్మా, కూర్చో" అంటుందట. వాళ్లమ్మ నవ్వుతూనే చెప్పింది. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. నా మెత్తని మాటలో ఆ పాపకు వినబడింది 'నీ దగ్గర జవాబు ఉండదని నాకు తెలుసు' అని.

చాలా ఏళ్ల తర్వాత మేరీ బడ్ రో అనే సైన్సు విద్య పరిశోధకురాలి పని గురించి చదివాను. 1970ల్లో ఆమె ఎన్నో తరగతి గదుల రికార్డింగులు విని లెక్కగట్టింది. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను. ఆ ఆగే సమయాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబే చెప్పని సందర్భాలు తగ్గాయి, వెనకబడ్డారని టీచర్లు అనుకున్న పిల్లలు కూడా నోరు తెరవడం మొదలుపెట్టారు. నన్ను గుచ్చింది ఇంకో విషయం. బాగా చదువుతారనుకునే పిల్లల కోసం టీచర్లు ఎక్కువసేపు ఆగుతున్నారు, చదవరనుకునేవాళ్ల కోసం తక్కువ. ఎవరికి ఎక్కువ సమయం కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతోంది! నా క్లాసులోనూ అచ్చంగా అంతే జరిగింది, నేను చాలా ప్రేమగల టీచరునని అందరూ అంటున్న రోజుల్లోనే.

మీరు ముందు కొన్ని మామూలు విషయాలు చూసుకోండి. వెనక బెంచీ నుంచి ఆమెకు బోర్డు కనిపిస్తోందా? మీ మాట స్పష్టంగా వినిపిస్తోందా? ఇంట్లో మాట్లాడే భాష, క్లాసులో భాష ఒకటేనా? ఇంట్లో గలగలా మాట్లాడుతూ, బడిలో మాత్రం నెలల తరబడి ఒక్కరితో కూడా మాట్లాడకపోతే అది బిడియం కాకపోవచ్చు. సెలెక్టివ్ మ్యూటిజం అని ఒక ఇబ్బంది ఉంది, దానికి పిల్లల మానసిక నిపుణుల సాయం కావాలి. అప్పుడు తల్లిదండ్రులతో నెమ్మదిగా మాట్లాడండి. అలాంటి పాపను అందరి ముందూ నిలబెట్టి జవాబు కోసం ఆగడం కూడా ఒత్తిడే అవుతుంది, కాబట్టి ఈ సంగతి తేలేదాకా ఇక్కణ్ణుంచి నేను చెప్పేది చేయకండి.

అలాంటిదేమీ లేదని తేలితే, దగ్గర కూర్చోబెట్టుకోండి, ముందు రోజే చెప్పండి: "రేపు ఈ మూడో లెక్క నిన్నే అడుగుతాను, ఇంటికెళ్లి చూసుకుని రా." ఇందులో మోసం లేదు. జవాబు వెతుక్కునే సమయం ఆమెకు ముందే ఇస్తున్నారు, అంతే. క్లాసులో ప్రశ్న వేసినప్పుడు పేరు ముందు పిలవకండి. ప్రశ్న అందరికీ వేసి, పక్కపక్కవాళ్లను గుసగుసగా మాట్లాడుకోమని, ఆ తర్వాత పేరు పిలవండి. పక్క పిల్లతో ఒకసారి చెప్పిన మాట లేచి చెప్పడం అంత కష్టం కాదు. మొదట్లో పలక మీద రాసి చూపించినా తీసుకోండి. చెప్పలేకపోతే, "ఆలోచిస్తూ ఉండు, మళ్లీ నీ దగ్గరకే వస్తాను" అనండి, తప్పకుండా వెళ్లండి. ఆ వెళ్లడం మరిచిపోతే మొదటి మాటకు విలువ లేదు. నేను చాలాసార్లు మరిచిపోయేదాన్ని, అందుకే బోర్డు మూల చిన్న చుక్క పెట్టుకునేదాన్ని.

నోరు తెరవగానే మురిసిపోయి 'అద్భుతం' అని చప్పట్లు కొట్టించకండి. ఆ కోరిక ఎంత బలంగా ఉంటుందో నాకు తెలుసు. ఎడ్డీ బ్రుమ్మెల్‌మన్, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో, తమ మీద తమకు నమ్మకం తక్కువున్న పిల్లలకే పెద్దవాళ్లు మరీ ఎక్కువ పొగడ్తలు ఇస్తారని, ఆ పొగడ్త విన్నాక ఆ పిల్లలే కష్టమైన పనికి వెనకాడతారని తేలింది. ప్రతిసారీ అద్భుతంగా ఉండాలంటే ఎవరికి మాత్రం భయం వేయదు?

ఆమె మొదటిసారి చెప్పే జవాబు తప్పే కావచ్చు. బహుశా తప్పే అవుతుంది. "ఎలా చేశావో చూపించు" అని పలకా సుద్దముక్కా ఆమె ముందు పెట్టండి. పక్కనున్న పిల్లలు చేతులెత్తి 'టీచర్, నేను టీచర్' అంటారు, చేతులు దింపమనండి. మీరు ఆమె పక్కనే కూర్చుని మూడు లెక్కపెట్టుకోండి. రాకపోతే ఇంకో మూడు.